ఎనభై ఆరు దగ్గర ఆగిన ముల్లు

చేతి గడియారం పట్టీని ఒక చిల్లు వదులు చేసుకున్న ఉదయం నాకు బాగా గుర్తుంది. కార్తీకమాసం, సోమవారం. పిఠాపురంలో మా వీధి చివర గుడికి వచ్చిన బస్సులు బారులు తీరి ఉన్నాయి. కాలువ గట్టు మీద పది కిలోమీటర్లు నడిచి వచ్చి, స్నానం చేసి చొక్కా వేసుకున్నాను. చొక్కా భుజాల మీంచి జారుతోంది. అద్దంలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. గడియారం మాత్రం ఎప్పుడూ పెట్టుకునే చిల్లులో పట్టలేదు.

ముప్పై ఏళ్ళు దినపత్రికకు వార్తలు రాసినవాణ్ణి. ఒకదానితో ఒకటి పొసగని రెండు సంగతులు కనిపిస్తే అక్కడ ఆగి చూడాలని కొత్తగా చేరిన విలేకరులకు చెబుతుండేవాణ్ణి. ఆ రోజు నేను ఆగలేదు. పట్టీ సర్దుకుని, బరువు చూసుకునే యంత్రం ఎక్కి నిలబడ్డాను. ముల్లు ఎనభై ఆరు మీద ఉంది. ముందు సోమవారమూ అక్కడే ఉంది. అంతకు ముందు సోమవారమూ అక్కడే. గోడకు వేలాడే చర్చి క్యాలెండర్‌లో వరసగా ఐదు సోమవారాల కింద ఒకటే అంకె రాసి ఉంది.

అందరూ బరువు తగ్గాలనుకునేది సుగర్ కోసమో, మోకాళ్ళ కోసమో. నేను తగ్గాలనుకున్నది మా చెల్లెలు కరుణ కోసం.

కరుణ కాకినాడలో చిన్నపిల్లల బడిలో టీచరు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. రెండు కిడ్నీలూ పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయించుకుంటోంది. భర్తకు సుగర్, కూతురు ఇంకా ఇంటర్ చదువుతోంది. అమ్మా నాన్నా లేరు. బ్లడ్ గ్రూపు కలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. విశాఖపట్నంలో ట్రాన్స్‌ప్లాంట్ చేసే ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. రెండు రోజులు పరీక్షలు చేశారు. మూడో రోజు అక్కడి నెఫ్రాలజిస్టు, నా వయసే ఉంటుంది ఆవిడకు, ఫైలు మూసి నవ్వారు.

"కిడ్నీలు చాలా బాగున్నాయండి. వాటి చుట్టూ ఉన్న మనిషే కొంచెం ఎక్కువైపోయారు. ఎనభైకి రండి, మాట్లాడుకుందాం."

అప్పుడు నా బరువు నూట మూడు.

ఇంటికి వచ్చిన రోజే అన్నం మానేశాను. చుట్టూ వరిచేలు ఉన్న ఊళ్ళో అన్నం మానేయడం అంటే ఏంటో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొద్దున్న ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం జొన్నరొట్టె, సాయంత్రం మజ్జిగ. చర్చిలో ప్రేమవిందు పెట్టినప్పుడు విస్తరి ముందు కూర్చుని దోసకాయ ముక్కలు తినేవాణ్ణి. వడ్డించే పెద్దావిడ ఒకరు బిర్యానీ గరిటె గాల్లోనే ఆపి, "కోడి చచ్చిపోయింది బాబూ, ఇంక లేచి మిమ్మల్నేం చెయ్యదు, తినండి" అన్నారు. బంతి అంతా నవ్వారు. నేనూ నవ్వాను. తినలేదు.

మొదటి తొమ్మిది నెలలు బరువు బాగానే తగ్గింది. నూట మూడు నుంచి తొంభై ఒకటి వరకు ముల్లు నా మాట వింది. ప్రతి సోమవారం ఆ అంకెను కరుణకు ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. తను డయాలసిస్ మంచం మీద ఉండేది. "ఇంక పదకొండు," అనేది. "ఇంక పదకొండు" అని నేనూ అనేవాణ్ణి.

తొంభై ఒకటి దగ్గర మోకాళ్ళు పట్టుకున్నాయి. మెట్లు దిగుతుంటే లోపల ఇసుక నలిగినట్టు ఉండేది. నడక ఆపితే బరువు ఆగుతుంది. బరువు ఆగితే కరుణ ఆగిపోతుంది. లెక్క నాకు అంతే కనిపించింది. ఆ రోజుల్లో ఉప్పాడ తీరం కోత మీద వార్తల కోసం వారానికోసారి అక్కడికి వెళ్తుండేవాణ్ణి. ఆ పక్క ఊళ్ళో ఒక ఆర్.ఎం.పి. ఉన్నాడు. వేటకు వెళ్ళేవాళ్ళందరికీ ఒళ్ళునొప్పులకు ఆయనే దిక్కు. చిన్న కాగితం ముక్క మీద మూడు బిళ్ళలు పెట్టి మడిచి ఇస్తాడు. తెల్లది ఒకటి, పసుపుది ఒకటి, గులాబీ రంగుది ఒకటి. దాన్ని అక్కడ అందరూ పొట్లం అంటారు. టీ తాగుతూ వేసుకుంటారు. పడవ ఎక్కుతారు.

నేను కొంచెం సందేహించాను. ఆయన కాగితాలు మడుస్తూనే, "సముద్రం మీద రాత్రంతా వల లాగేవాళ్ళకి లేని భయం గట్టు మీద నడిచే మీకేంటండీ?" అన్నాడు.

మొదటి పొట్లంతోనే నొప్పి పోయింది. ఉషారు కూడా వచ్చింది. మొదట్లో రోజు విడిచి రోజు వేసుకున్నాను. తర్వాత రోజూ. ఆరు కిలోమీటర్ల నడక పది కిలోమీటర్లయ్యాక ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి.

ఒక విషయం దాచకుండా రాయాలి. కాకినాడలో కరుణ డయాలసిస్ చేయించుకునే చోట, బంధువులు కూర్చునే బల్ల ఎదురుగా గోడకు ఒక బోర్డు ఉంది. డాక్టరు సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడరాదని దాని మీద రాసి ఉంది. ఏడాదిన్నర పాటు ఆ బోర్డు ఎదురుగానే కూర్చున్నాను. అందులో ఒక అక్షరదోషం ఉంది. మొదటి రోజే అది నా కంటికి తగిలింది, నర్సుకు చూపించాను కూడా. బోర్డులో ఉన్న సంగతి మాత్రం నాకోసం కాదనుకున్నాను. అది కిడ్నీలు చెడినవాళ్ళకు. నావి మంచివి. డాక్టరుగారే చెప్పారు.

ఎనభై ఆరు దగ్గర ముల్లు ఆగింది దసరా వెళ్ళాక. మొదటి నెల పట్టించుకోలేదు. రెండో నెల విశాఖ ఆసుపత్రి డైటీషియన్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా ఓపిగ్గా వింది. "దీన్ని ప్లాటో అంటారు సార్. చాలా రోజులు డైట్ చేసినవాళ్ళందరికీ వస్తుంది. బాడీ అలవాటు పడిపోతుంది. క్యాలరీలు ఇంకొంచెం తగ్గించి, ప్రోటీన్ పెంచి చూడండి" అంది. చెప్పింది తప్పు కాదు. మందులేమైనా వాడుతున్నారా అని కూడా అడిగింది. లేదన్నాను. పొట్లాన్ని మందని నేను అనుకోలేదు.

మా ఆవిడ సుజాత హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ప్లాటో అంటే పీఠభూమే కదా అంది. ఎక్కినంత ఎక్కాక కొంతదూరం చదునుగా ఉంటుంది, మళ్ళీ దిగుడు వస్తుంది, కంగారుపడకండి అని ధైర్యం చెప్పింది. అయినా తను నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపు చూడడం గమనించాను.

ఆ నెలల్లో చాలా జరిగాయి. ఒక్కోటీ చిన్నదే. పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. మూత్రంలో నురగ, నీళ్ళు పోసినా పోని నురగ. ప్రోటీన్ పౌడర్ వల్ల అనుకున్నాను. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల మీద గాడులు చేసేవి. వేలి ఉంగరం క్రిస్మస్ ముందు సబ్బు రాస్తే గాని రాలేదు. చర్చిలో మాత్రం అందరూ మెచ్చుకునేవారు. మొహం నిండుగా ఉంది, డైటింగ్ చేసినట్టే లేరు అనేవారు. నేను ఆ మాటలకు సంతోషించాను.

ఇటు డయాలసిస్ సూదుల కోసం కరుణ చేతిలో రక్తనాళాలు కలిపి వేసిన ఫిస్టులా మొరాయించడం మొదలైంది. రక్తం సరిగా రావడం లేదని మెడ దగ్గర గొట్టం వేశారు. డయాలసిస్ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, డోనర్ మీరే కదా, ఇంకెంత కాలం అని అడిగారు. ఆరు కిలోలండీ అన్నాను. ఆయన తల పంకించి తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. ఆరు కిలోలు తగ్గడానికి నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్న మనిషితో ఎవరైనా ఏమంటారు?

ఆ తర్వాతి సోమవారం నుంచి ఫోన్లో అంకె చెప్పడం మానేశాను. కరుణ కూడా అడగడం మానేసింది.

శ్రమదినాలు వచ్చాయి. ఈస్టర్ ముందు నలభై రోజులు మావాళ్ళలో చాలామంది ఒకపూట ఉపవాసం ఉంటారు. నేను రెండు పూటలు ఉన్నాను. భక్తి కొంత, ముల్లు మీద పంతం ఎక్కువ. ప్రార్థనలో మోకరిల్లితే మోకాళ్ళు భరించలేక పొట్లాలు మూడుకు పెంచాను. మొదటి వారం గడిచాక యంత్రం ఎక్కాను. ఎనభై ఆరున్నర.

తినకుండా అరకిలో పెరిగాను. యంత్రం చెడిపోయిందని బజారుకు వెళ్ళి కొత్తది తెచ్చాను. అదీ అదే చూపించింది.

మూడో వారంలో ఉప్పాడ వెళ్ళాను. తుఫాను లేకుండానే బీచ్ రోడ్డు మళ్ళీ కొంత కుంగింది. అక్కడ రోడ్డు కుంగడం నేను లెక్కలేనన్ని సార్లు రాశాను. పైనుంచి చూస్తే తారు చెక్కుచెదరకుండా ఉంటుంది. కింద ఇసుకను అల తోడుకుపోతూ ఉంటుంది. ఒక రోజు లారీ వెళ్తుంటే తెలుస్తుంది. ఈ మూడు వాక్యాలు ఏటా ఏదో ఒక వార్తలో పెట్టేవాణ్ణి.

రోడ్డు పక్కన చేపలమ్మే నూకరత్నం దగ్గర ఆగాను. ఇరవై ఏళ్ళుగా తెలుసు. సముద్రం వాళ్ళ మొదటి ఇంటిని మింగినప్పుడు ఆమె మాట్లాడిన మాటలే నా వార్తకు శీర్షిక అయ్యాయి. కాళ్ళు లాగుతున్నాయని బోర్లించిన గంప మీద కూర్చుని చెప్పులు విప్పాను. ఆమె ఎవరో కొనేవాళ్ళకు చందువ చూపిస్తోంది. "నొక్కి చూడండమ్మా. వేలు తీయగానే లేవాలి కండ. గుంట నిలిచిందా, నా మొహాన కొట్టి వెళ్ళండి" అంటోంది.

బేరం అయ్యాక ఆమె నా పాదాల వైపు చూసింది. చెప్పు పట్టీల గాడులు అప్పటికీ పోలేదు. చేతులు చెంగుకు తుడుచుకుంది. ఒక్క మాట అడక్కుండా వంగి, నా కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. తీసింది.

గుంట అలాగే ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నాకు తెలిసి ఒక నిమిషం అయినా పట్టి ఉంటుంది అది నిండడానికి.

"ఏంటండీ పేపరుగారూ ఇది?" అంది మెల్లగా.

నడక ఎక్కువైందన్నాను.

"మా ఆయన కాలూ ఇలాగే మెత్తబడిందండి. ఉప్పునీళ్ళలో నానిందనుకున్నాం. మొహం నీరు పడితే ఒళ్ళు చేశాడనుకున్నాం." చేపల మీద నీళ్ళు చల్లింది. "మీరూ ఆ పొట్లమే మింగుతున్నారా ఏంటి?"

లేదని చెప్పాను.

పొట్లం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. ఆమె భర్త పోయి నాలుగేళ్ళు. ఎలా పోయాడని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చిన్న వార్త అయినా అయ్యేదేమో.

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళానని రాయగలిగితే బాగుండేది. వెళ్ళలేదు. విశాఖలో తిరిగి చూపించుకోవడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అప్పటికి ఎనభై ఐదైనా చూపించాలి. ఆ పదకొండు రోజులూ నీళ్ళు తాగడం తగ్గించాను, నడక పెంచాను, పొట్లాలు వేసుకున్నాను. పొద్దున్నే లేచి కాలి ఎముక మీద వేలు పెట్టేవాణ్ణి. నొక్కేవాణ్ణి కాదు.

విశాఖలో రక్తం, మూత్రం ఇచ్చి ఇద్దరం బయట కూర్చున్నాం. కరుణ కాగితం పొట్లంలోంచి మరమరాలు ఒక్కొక్కటే తింటోంది. తనకు రోజుకు ఇన్ని నీళ్ళే అని లెక్క ఉంది కాబట్టి దాహం వేయని తిండి వెతుక్కుంటుంది. నర్సు వచ్చి నన్ను ఒక్కణ్ణే రమ్మంది.

డాక్టరుగారి ముందు రెండు ఫైళ్ళూ తెరిచి ఉన్నాయి. ఆవిడ ఒక కాగితాన్ని నా వైపు తిప్పి వేలు పెట్టారు.

"ఈ రిపోర్టు మీదా, మీ చెల్లెలిదా?"

పేరు చూశాను. నాదే.

కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్ రెండు పాయింట్ తొమ్మిది. యూరిన్ ఆల్బుమిన్, అంటే మూత్రంలో పోయే ప్రోటీన్, నాలుగు ప్లస్సులు. ఏడాదిన్నర కింద ఇదే గదిలో ఆ మొదటి అంకె సున్నా పాయింట్ తొమ్మిది. ఆవిడ లేచి వచ్చి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కారు. నూకరత్నం నొక్కిన చోటే. "పిటింగ్ ఎడిమా," అన్నారు పక్కనున్న జూనియర్‌తో. "తొడల దాకా నీరుంది."

ఏం మందులు వాడుతున్నారని అడిగారు. ఏమీ లేవన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, పెన్ను కింద పెట్టి, మళ్ళీ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగారు. అప్పుడు జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ కాగితం విప్పి మూడు బిళ్ళలనూ వేలితో విడదీశారు. పెయిన్ కిల్లర్ ఒకటి, స్టెరాయిడ్ ఒకటి అయి ఉంటుందన్నారు. మూడోది తనకూ తెలియదన్నారు. ఎన్నాళ్ళని అడిగారు. తొమ్మిది నెలలన్నాను.

"మీ బరువు ఆగలేదండి," అన్నారు. "మీరు తగ్గుతూనే ఉన్నారు. ప్రోటీన్ మూత్రంలో పోయి, పోయినచోట నీళ్ళు నిండాయి. యంత్రానికి నీళ్ళకీ మనిషికీ తేడా తెలియదు కదా."

కిడ్నీ ఇవ్వడం గురించి నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. కరుణ ఫైలును మాత్రం మూసి, నా ఫైలు కింద పెట్టారు. నాకు సమాధానం అందింది.

బయటికి వచ్చి కరుణ పక్కన కూర్చున్నాను. "ఏమన్నారు?" అంది. అడ్మిట్ అవ్వమన్నారని చెప్పాను. తను చేతిలో మరమరాలు తిరిగి పొట్లంలో పోసి మడిచింది. చాలాసేపు ఆ మడతను గోటితో గీస్తూ కూర్చుంది.

మర్నాడు బయాప్సీ చేశారు. బోర్లా పడుకోబెట్టి వీపులో సూది దించుతుంటే, ఈ కిడ్నీని ఇలా చూస్తారని అనుకోలేదే అనిపించింది. మినిమల్ చేంజ్ డిసీజ్, దాంతోపాటు ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్ అని రిపోర్టు వచ్చింది: ఒకటి ప్రోటీన్‌ను మూత్రంలోకి వదిలేసే జబ్బు, రెండోది కిడ్నీ లోపలి వాపు. నొప్పి మాత్రలు ఎక్కువకాలం వాడినవాళ్ళలో రెండూ కలిసి రావడం చూస్తుంటామని డాక్టరుగారు చెప్పారు. పొట్లం ఆపేయడమే మొదటి మందు అన్నారు. తర్వాత స్టెరాయిడ్. పొట్లంలోని బిళ్ళలా ఇదీ స్టెరాయిడే కదా అని అడిగాను. "ఇది నేను కొలిచి ఇస్తాను, కొలిచి తగ్గిస్తాను. అది ఎవరు కొలిచారు?" అన్నారు.

నీరు తీసే ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ముల్లు కదిలింది. ఐదు నెలలుగా కదలనిది రోజుకు అరకిలో, ముప్పావు కిలో చొప్పున దిగింది. నర్సులు సంతోషంగా చెప్పేవాళ్ళు. ఎనభై నాలుగు. ఎనభై ఒకటి. నాకు ఆ అంకెలు వినాలనిపించేది కాదు. మూడు వారాలకు డెబ్భై ఏడు దగ్గర నీరు అయిపోయింది. అప్పుడు అద్దంలో కనిపించిన మనిషికి తొడల్లో కండ లేదు, దవడలు లోపలికి పోయాయి.

డెబ్భై ఏడు. అంటే నేను ఎనభైని ఎప్పుడో దాటాను. ఏ సోమవారం దాటానో ఎవరూ చెప్పలేరు. ఆ సోమవారం ఎవరైనా నీళ్ళను పక్కకు తీసి నన్ను తూచి ఉంటే, కరుణకు ఫోన్ చేసి ఉండేవాణ్ణి. కిడ్నీలు అప్పటికి బాగున్నాయో లేదో అది వేరే మాట.

ఇంటికి పంపిన ఐదో వారంలో జ్వరం వచ్చింది. స్టెరాయిడ్లు వాడేటప్పుడు జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పి ఉన్నారు. సుజాత ఒక్క రోజు కూడా ఆగనివ్వలేదు, కాకినాడ తీసుకెళ్ళింది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. మూడో రోజుకు క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది, పొటాషియం ఎక్కువ. డయాలసిస్ తప్పదన్నారు.

కరుణ వెళ్ళే చోటే. బుధవారం, తన షిఫ్టులోనే. ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఎప్పుడూ తలుపు దగ్గరి బల్ల మీదే. ఈసారి మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. కరుణ మంచం పక్క మంచం. యంత్రాలు రెండూ తిరుగుతున్నాయి. నా రక్తం గొట్టంలో వెళ్ళి వస్తుంటే తల పక్కకు తిప్పాను. కరుణ నన్నే చూస్తోంది.

"కిడ్నీ ఇస్తానని బయల్దేరి, నా పక్కనే మంచం వేయించుకున్నావు," అంది. "రెండు మంచాలకీ ఒకటే ఫ్యాను. నా గాలి కూడా నీకే వస్తోంది."

నవ్వుదామనుకున్నాను. దగ్గు వచ్చింది.

తగ్గేవరకు ఆగి తను మెల్లగా అంది, "నొప్పి బిళ్ళలు వేసుకోవద్దని నాకు మొదటిరోజే చెప్పారన్నయ్యా. ఒక్కసారి నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

"నీకోసమేగా వేసుకున్నాను," అన్నాను.

"నాకోసం అయితే నన్నడగాలి కదా."

నాలుగు గంటలు గడవాలి. ఎదుటి గోడ మీద బోర్డు అక్కణ్ణుంచి కూడా కనిపిస్తుంది. అక్షరదోషం దిద్దారు.

నాకు రెండుసార్లతో డయాలసిస్ ఆగింది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కిడ్నీలు కొంత కోలుకున్నాయి. నెలకు ఇంత చొప్పున క్రియాటినిన్ దిగుతూ వచ్చి ఒకటి పాయింట్ ఆరు దగ్గర నిలిచింది. అది ఇంక దిగదని, దాన్ని పెరగనివ్వకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టరుగారు చెప్పారు. స్టెరాయిడ్ల ఆకలి మాత్రం భయంకరమైనది. అన్నం గిన్నె ముందు కూర్చుంటే లేవలేకపోయేవాణ్ణి. ఎనభై ఐదుకు వెళ్ళాను. మందు తగ్గించాక మళ్ళీ మొదటినుంచి తగ్గడం మొదలుపెట్టాను. ఈసారి అన్నం తింటూ, ఒక గిద్దెడు. ఉప్పు తక్కువ. నడక మూడు కిలోమీటర్లు, మోకాలు వద్దంటే రెండు.

ఎనభై ఒకటి దగ్గర ముల్లు మళ్ళీ ఆగింది.

రెండు నెలలు. ఆ రోజుల్లో నేను పడ్డ భయం ఆసుపత్రిలో కూడా పడలేదు. ప్రతి సోమవారం యంత్రం ఎక్కే ముందే కాలి ఎముక మీద వేలు నొక్కేవాణ్ణి. గుంట లేదు. రక్తం, మూత్రం పరీక్ష చేయించాను. క్రియాటినిన్ పెరగలేదు. అదే డైటీషియన్‌కు అవే రిపోర్టులు పెట్టాను. ఈసారి నా మందులన్నీ పేరుపేరునా చదివించుకుంది. "ఇది నిజం ప్లాటోయే సార్," అంది. "తగ్గించీ తగ్గించీ ఒళ్ళు జాగ్రత్తపడిపోయింది. రెండు వారాలు తగ్గాలనే మాటే వదిలేసి, డాక్టరుగారు రాసిన డైట్‌లోనే కడుపునిండా తినండి. తర్వాత మెల్లగా తగ్గిద్దాం. చేతులకీ తొడలకీ చిన్న చిన్న బరువులతో ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టండి, కండ రావాలి." నీళ్ళు నింపిన లీటరు సీసాలు రెండు పట్టుకుని రోజూ పావుగంట చేశాను. ఆరో వారంలో ముల్లు కదిలింది. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. ఆ అంకె చూసి సంతోషం రాలేదు. గుంట లేకపోవడం చూసి వచ్చింది.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. బీపీ మాత్ర, మూడు నెలలకోసారి పరీక్ష. ఎవరికీ కిడ్నీ ఇవ్వడానికి ఇక పనికిరాను. కరుణ పేరు అవయవదానం జాబితాలో ఉంది. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. రెండో చేతికి వేసిన ఫిస్టులా ప్రస్తుతానికి పనిచేస్తోంది. డాక్టర్లు ప్రస్తుతానికి అనే మాటను చాలా జాగ్రత్తగా పలుకుతారు.

నూకరత్నం దగ్గరికి వెళ్ళి ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. "తెలుసండి," అంది. "జేబులో కాగితం కనపడుతూనే ఉంది." ఆర్.ఎం.పి. దగ్గరికీ వెళ్ళాను, నా బయాప్సీ రిపోర్టు పట్టుకుని. ఆయన దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. మీ ఒంటికి పడలేదండి, అందరూ బాగానే ఉన్నారు అన్నాడు. బయట నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకతని కాళ్ళ వైపు చూశాను. ఉప్పునీళ్ళలో నానినట్టున్నాయి. అతనికి చెప్పాను. తల ఊపాడు. నేను వచ్చేసేటప్పుడు వరసలోనే ఉన్నాడు.

బరువు తగ్గడానికి ప్రయత్నిస్తున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ముల్లు నెలకు మించి ఆగితే తిండి ఇంకా కోసుకోకముందు, నడక ఇంకా పెంచకముందు, కాలి ముందు ఎముక మీద బొటనవేలు పెట్టి పది లెక్కపెట్టేంతసేపు నొక్కి తీయండి. గుంట నిలిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీరు మింగుతున్న ప్రతి బిళ్ళా, పేరు తెలియనిది కూడా, కాగితంతో సహా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి.

సోమవారాల ఫోన్ మళ్ళీ మొదలైంది. ఇప్పుడు చేసేది కరుణ. డయాలసిస్‌కు బయల్దేరి బస్టాపు నుంచి చేస్తుంది. బరువెంతని అడగదు.

"నొక్కావా?"

"నొక్కాను."

"లేచిందా?"

"లేచింది. మరి నీది?"

"నాది తర్వాత చెప్తాలే అన్నయ్యా, బస్సొచ్చింది," అంటుంది.